నల్లకారు మీద ఇరవై మైక్రాన్లు

2003 ఫిబ్రవరి. మేడ్చల్‌లో హైవే పక్కన రేకుల షెడ్డులో కార్ల పాలిష్ పని మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు. అంతకుముందు పద్నాలుగేళ్లు ఒక బస్సు బాడీల ఫ్యాక్టరీలో పెయింట్ చెకింగ్ చేశాను. అది మూతపడి సామాను అమ్మేస్తున్నప్పుడు నేను కొనుక్కున్నది ఒక్కటే, పెయింట్ మందం కొలిచే మీటర్. షెడ్డులో మెషిన్ పట్టేది ఖాజా. ఎక్కడ ఎంత పట్టాలో చెప్పేది నేను. ప్రతి బండికీ పనికి ముందు ఒక కొలత, తర్వాత ఒక కొలత తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసేదాన్ని.

ఆ నెల పదకొండున శామీర్‌పేట నుంచి ఒక నల్లకారు వచ్చింది. యజమాని బాల్‌రెడ్డిగారు. భూములున్నవారు, అప్పుడప్పుడే వాటిని ప్లాట్లు చేసి అమ్ముతున్నారు. ఊళ్లో అందరూ పటేల్ అనేవారు. కారు కొని ఏడాది కాలేదు గానీ, ఎండలో పెడితే బానెట్ మీద సూర్యుడి చుట్టూ సాలెగూడులా సన్నటి గుండ్రటి గీతలు. మా పనిలో వీటిని స్విర్ల్ మార్క్స్ అంటారు. దుమ్ము పట్టిన బండిని పొడిగుడ్డతో తుడిస్తే పడతాయి. తెల్లబండి మీద దాగుతాయి, నలుపు మీద దాగవు.

గీతలు పోగొడతామని బోర్డు మీద రాసుకుంటాం గానీ, నిజానికి ఏ గీతనూ పోగొట్టలేం. రంగు పైన గాజులాంటి ఒక పొర ఉంటుంది, దాన్ని క్లియర్ కోట్ అంటారు. గీత ఎంత లోతుందో అంత లోతు వరకు చుట్టూ ఉన్న పొరను కంపౌండ్ అనే గరుకు పేస్టుతో అరగదీస్తాం. మెరుపు వస్తుంది, పొర తగ్గుతుంది. ఆ రోజు బానెట్ మీద రంగూ పొరా కలిపి మొత్తం మందం పనికి ముందు 118 మైక్రాన్లు, తర్వాత 113. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

కారు తెచ్చినవాడు ఎల్లయ్య, గౌడవెల్లి మనిషి. పటేల్ దగ్గర పదకొండేళ్లుగా ఉన్నాడు. ముందు ట్రాక్టర్ నడిపి, తర్వాత కారెక్కాడు.

"ఎల్లయ్యా, పొడిగుడ్డ వాడకు. ముందు నీళ్లు పోసి దుమ్ము పోనివ్వు" అన్నాను.

"నీళ్లేడియమ్మా? బోరే ఎండిపాయె. ప్లాట్ల కాడ మొత్తం మొరం దుమ్ము. ఏ ఫంక్షన్‌కు వోయినా గేటు గింత దూరముందనంగ బండి ఆపుమంటడు. నేను దిగి జల్దీ జల్దీ తుడవాలె. పటేల్ దిగేటప్పటికి బండి అద్దమోలె ఉండాలె."

"ఇలా చేస్తే పాడవుతుందని నువ్వు చెప్పొచ్చుగా?"

"నేను జెప్తే ఇంటడా? నువ్వు జెప్పమ్మా. నీదైతే లెక్కతోని మాట."

సాయంత్రం పటేల్ వచ్చినప్పుడు చెప్పాను, చెప్పానని అనిపించుకునేంత మాత్రం. "కడిగి తుడిస్తే బండికి మంచిదండీ" అన్నాను. తుడవమంటున్నది మీరే కదా అనలేదు.

పటేల్ నవ్వారు. "బండి కడుక్కుంట కూసుంటే ఆడ పెండ్లి బువ్వ అయిపోతది మేడం."

శామీర్‌పేట వైపు నుంచి నాకు వచ్చే బండ్లన్నీ ఆయన మాట మీదే వచ్చేవి. అందుకని నేనూ నవ్వాను.

కారు మళ్లీ ఏప్రిల్‌లో వచ్చింది. 113 నుంచి 109. జూన్‌లో 109 నుంచి 104. సెప్టెంబరులో 103 నుంచి 98. వంద కిందికి దిగితే మెషిన్ పెట్టకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. ఆ వరస పక్కన ఎర్రసిరాతో "ఇక మెషిన్ వద్దు" అని రాశాను. రాసి పుస్తకం మూశాను. పటేల్‌కు చెప్పలేదు.

డిసెంబరు నాలుగున ఎల్లయ్యతో పాటు ఆయనే కారులో వచ్చారు. మర్నాడు ప్లాట్ల దగ్గర శంకుస్థాపన, ఎవరో నాయకుడు వస్తున్నాడట.

"గీ గీతలు ఇయ్యాలనే పోవాలె మేడం. గంటల ఇయ్యాలె."

ఖాజా బానెట్ మడత మీద వేలుపెట్టి చూశాడు. "మేడం, కినారా పత్లా ఉంటది. టేప్ ఏస్తా."

అంచుల మీద, మడతల మీద పొర పల్చగా ఉంటుంది. మెషిన్ మాత్రం అక్కడే ఎక్కువ ఒత్తుతుంది. వాటిని టేపుతో కప్పి చేయడం పద్ధతి. అరగంట పడుతుంది. మీటర్ చదును మీదే కూర్చుంటుంది, మడత మీద ఎంత ఉందో అది చెప్పలేదు. పటేల్ గడియారం చూసుకున్నారు.

"టేప్ అక్కర్లేదు. పైపైన తిప్పు" అన్నాను.

ఖాజా ఒక్కసారి నా వైపు చూసి మెషిన్ పెట్టాడు. నాలుగు నిమిషాలకు మెషిన్‌కు తొడిగిన తెల్లటి ప్యాడ్ నల్లబడింది. క్లియర్ కోట్‌ను ఎంత రుద్దినా ప్యాడ్‌కు రంగు అంటదు. నలుపు అంటిందంటే పొర పోయి, కింది రంగే లేస్తోందన్నమాట. మడత పొడుగునా వేలెడంత మచ్చ, బూడిద పూసినట్టు.

"ఇదేంది మేడం?" అన్నారు పటేల్.

నోట్‌బుక్ తెరిచాను. "ఫిబ్రవరిలో 118 ఉందండీ. ఇవాళ మెషిన్ పెట్టకముందే 98. రోజూ పొడిగుడ్డతో రుద్దుతుంటే ఏ పెయింట్ ఆగుతుంది?"

రెండు అంకెలూ నిజమే. మధ్య వరసల మీద నా అరచెయ్యి ఉంది.

పటేల్ వెనక్కి తిరిగారు. "ఇంటున్నవార ఎల్లిగా? మేడం లెక్క జూపిస్తాంది. నా బండిని గీకి గీకి నాశనం జేసినవ్."

"నువ్వు తుడువుమంటేనే గద పటేలా తుడిసిన."

"తుడువుమన్న. గీకుమన్ననా? తాళంచెవి ఆడ వెట్టు."

ఎల్లయ్య తాళంచెవి నా బల్ల మీద పెట్టాడు. "అమ్మా, నువ్వన్న జెప్పు" అన్నాడు. నేను కంపౌండ్ డబ్బా మూత బిగించాను. ఖాజా ప్యాడ్ తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున లెక్క కట్టాను. మొత్తం తగ్గింది ఇరవై. నాలుగుసార్లు మా మెషిన్ తీసింది పంతొమ్మిది. మధ్యలో గుడ్డకు పోయింది ఒకటి. గుడ్డ గీతలు పెట్టింది, నిజం. పొరను తిన్నది మేము.

పటేల్ ఇంటికి వెళ్లి ఇది చెప్పడానికి నాకు నెలన్నర పట్టింది. ఆయన మొత్తం విన్నారు.

"అయిందేదో అయింది మేడం. కొత్త డ్రైవర్ వచ్చిండు. ఇప్పుడు మల్ల ఆన్ని పిలుస్తే తప్పు నాదే అన్నట్టు గాదా?"

బయట ఆ కొత్త డ్రైవర్ పొడిగుడ్డతో బానెట్ తుడుస్తున్నాడు.

ఎల్లయ్య గౌడవెల్లి దగ్గర ఒక కంపెనీలో మూటలు మోస్తున్నాడు. వెళ్లి కలిశాను.

"తిండికేం తక్వలేదమ్మా. కని ఎవ్వలు స్టీరింగ్ ఇస్తలేరు. పటేల్ బండి ఖరాబ్ జేసినోడని పేరువడ్డది."

"నేను చెప్తాను ఎల్లయ్యా. బుక్కు తీసుకెళ్లి చూపిస్తాను."

"జూపియ్యాల్సిన నాడు జూపియ్యకపోతివి. ఇప్పుడెవలు సూస్తరమ్మా?" అని మూట భుజానికెత్తుకున్నాడు.

అయినా కార్లున్న మూడిళ్లకు వెళ్లాను. మూడుచోట్లా టీ ఇచ్చారు. పుస్తకం ఎవరూ తెరవలేదు. ఒకాయన మాత్రం, "మీరు మంచోళ్లు మేడం. పాపం, ఆ ఎల్లిగాని మీద జాలితోని తప్పు మీ మీదేసుకుంటున్నరు" అన్నాడు.

అప్పటి నుంచి 2009లో షెడ్డు మూసేదాకా, ముందు కొలతా తర్వాత కొలతా డ్రైవర్ ఎదుటే యజమానికి చదివి వినిపించాను. వంద కిందికి దిగిన బండిని ఎవరిదైనా తిప్పి పంపాను. పద్ధతి మంచిదే. దానివల్ల ఎల్లయ్యకు ఒరిగింది ఏమీ లేదు. అతను మళ్లీ బండెక్కలేదు. లెక్క సరిగ్గా రాసే మనిషి తప్పు చేయదని యాభై రెండేళ్ల వయసుదాకా నమ్ముతూ వచ్చాను. డిసెంబరు నాలుగున కూడా నా లెక్క సరిగ్గానే ఉంది.