నీడలోకి వచ్చిన ఎండ

నిన్న ఫోన్లో మీ ఇద్దరి మొహాలూ కనబడగానే చిన్నది అడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. బళ్ళో ఆడుకునేటప్పుడు టోపీ పెట్టుకోమంటే పెట్టుకుంటాను, చేతులకి క్రీము రాసుకోమంటే రాసుకుంటాను, కానీ నీడలో కూచున్నా నల్ల కళ్ళద్దాలు తియ్యొద్దని అమ్మ ఎందుకంటుంది అవ్వా, అని. పక్కనే ఉన్న మీ అమ్మ, నాకు అలా నేర్పింది అవ్వే కదా, ఆమెనే అడుగు అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. మాట సరిగా వినబడడం లేదని చెప్పి ఫోను పెట్టేశాను. మీరు పూణేలో, నేను బెంగళూరులో. పక్కన కూచోబెట్టుకుని చెప్పాల్సింది కాయితం మీద రాస్తున్నాను.

మీ అమ్మ అప్పుడు ఎనిమిది నెలల పిల్ల. తొంభైల చివరి సంవత్సరాలు. కదిరి వైపు నుంచి బెంగళూరు కుందలహళ్ళికి కూలి పనికి వచ్చాం, మీ తాత సెంట్రింగుకి, నేనూ మా అత్తా ఇసుకా సిమెంటూ మొయ్యడానికి. ఇప్పటిలా ఇన్ని ఆఫీసులు లేవక్కడ. ఖాళీ నేలలో ఒక్క పెద్ద కట్టడం లేస్తూ ఉండేది. దాని పడమటి గోడంతా అద్దాలే, అదీ తిన్నగా కాదు, చేటలాగా లోపలికి వంగి ఉండేది. వేసవిలో ఆడవాళ్ళం పనికి ఎలా పోయేవాళ్ళమో చూసి ఉంటే మీరు జడుసుకునేవాళ్ళు. ఒళ్ళు మాడకుండా చీర మీద మగవాళ్ళ పాత ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, తలకీ మొహానికీ తుండుగుడ్డ చుట్టి, కళ్ళు మాత్రం బయటికి పెట్టుకునేవాళ్ళం. ముప్పై మందిమీ ఒక్కలాగే కనిపించేవాళ్ళం. నా తలమీదికి తట్ట ఎత్తిన చేతులు ఎవరివో తెలియకుండానే పూట గడిచిన రోజులున్నాయి.

మా రేకుల షెడ్లు పదకొండు గంటలకే పెనంలా కాలేవి. పిల్ల ఒళ్ళంతా చెమటకాయలు. ఆ కట్టడానికి వచ్చే అద్దాల మీద గీతలు పడకుండా నీలంరంగు ప్లాస్టిక్ కాగితం అంటించి ఉండేది. పనంతా అయ్యాకే దాన్ని తియ్యాలని మేస్త్రీ చెప్పాడు. ఒక రోజు గోడకి కట్టిన సారవ కట్టెల మీద నిలబడి సిమెంటు అందిస్తూ, ఒక అద్దం అంచున అది కాస్త లేచి ఉండడం చూసి గోటితో పట్టి లాగాను. చీరంత వెడల్పున సర్రున ఊడి వచ్చింది. మొదట తీసింది నేనే. దాన్ని షెడ్డు గుమ్మానికి కట్టాను, కిటికీకి కట్టాను. వారం తిరిగేసరికి ఆడవాళ్ళందరూ తీశారు.

ఆ నీలం వెలుగు ఇంట్లోకి వచ్చాక మాత్రం నాకు మనసు స్థిమితంగా ఉండేది కాదు. అందరి మొహాలూ నీళ్ళ అడుగున ఉన్నట్టు కనబడేవి. నిద్రపోతున్న పిల్ల పెదాలు నీలంగా కనిపిస్తే, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని.

"ఈ నీలం నాకు నచ్చల్యా మే," అనేది మా అత్త. "బిడ్డ మొగం సూస్తే మన బిడ్డ మాదిరి లేదు."

"చల్లగుండాది కదత్తా."

"చల్లగుండేటివన్నీ మంచివేనా?"

పని దగ్గర పిల్లకి సిమెంటు గోడౌను తూర్పు పక్కన చీర ఉయ్యాల కట్టేదాన్ని. పొద్దు పడమటికి వాలితే అక్కడ మంచి నీడ. ఎండ ఎలాగూ అటునుంచి రాదు కదా అని, గాలి ఆడేలా ఉయ్యాల తూర్పువైపు తెరిచి ఉంచేదాన్ని. అటు ఎదురుగా ఉన్నది అద్దాల గోడ.

అందరూ నీలం కాగితం తీసేసిన కొన్నాళ్ళకి ఒక రోజు, మధ్యాహ్నం మూడు గంటల వేళ తట్టలు మోస్తుంటే వెనకనుంచి ఒకామె అంది, "ఏమ్మే, నీ పక్కన ఇంకొగామె నడస్తాంది సూడు, మీ ఆయన కొత్తగా తెచ్చుకున్యాడా?"

అందరూ నవ్వారు. నేను కిందికి చూస్తే నాకు రెండు నీడలున్నాయి. తర్వాత నవ్వినవాళ్ళు కూడా తమ కాళ్ళ దగ్గర చూసుకున్నారు. ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. నీడ ఎప్పుడూ పొద్దు లేని వైపే పడాలి కదా. ఈ రెండోది పొద్దుకి ఎదురుగా, దానివైపే చాచుకుని పడింది, పలచగా, అంచులు వణుకుతూ. మొహాలు కప్పుకున్న ముప్పై మందిమి, కాళ్ళ దగ్గర అరవై నీడలు.

మా అత్త తట్ట కింద పడేసింది. "బిడ్డ యాడుండాది మే?"

"నీడలోనే ఉండాదత్తా."

"నీడ యాడుండాదో సూడు ముందు!"

పరుగెత్తాను. గోడౌను పక్కన నీడ లేదు. అక్కడి నేల ఎండలోని నేలకంటే తెల్లగా మండుతోంది. పిల్ల ఏడవడం లేదు. కళ్ళు విప్పుకుని, రెప్ప వెయ్యకుండా అద్దాల గోడకేసి చూస్తోంది. ఆ చిన్న నల్లగుడ్లలో తెల్లటి గళ్ళు గళ్ళుగా గోడంతా కనబడింది. బుగ్గ మీద బొబ్బ లేచింది. తలెత్తి చూస్తే, నీలం ఉన్న అద్దాలు చప్పగా ఉన్నాయి, మేము ఒలిచిన అద్దాల్లో ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క సూర్యుడు. పిల్లకి ఎండ తగలకూడదని, ఆ గోడలోకి ఎండని పిలిచింది నా చేతులే.

డాక్టరు చుక్కలు వేసి కళ్ళకి కట్టు కట్టాడు. విప్పితే గానీ చూపు సంగతి చెప్పలేనన్నాడు. మూడు రోజులు షెడ్డులో చీకటి. మా అత్త ఆ నీలం కాగితమంతా పీకి అవతల పారేసి గోనెసంచులు కట్టింది. నాలుగో రోజు కట్టు విప్పితే పిల్ల నా భుజం మీదుగా ఎటో చూసింది. పేరు పెట్టి పిలిచాను. అటే చూస్తోంది. ఇంకా దగ్గరికి వంగి మళ్ళీ పిలిచాను.

"ముందు మొగానికుండే గుడ్డ తియ్యి మే," అంది మా అత్త. "అది ఎవుర్ని గుర్తుపట్టల్ల?"

పని నుంచి వచ్చినదాన్ని, చుట్టుకున్న గుడ్డ అలాగే ఉంది. తీశాను. పిల్ల చాలాసేపు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత చెయ్యి చాచి గురి తప్పకుండా నా ముక్కుపుల్ల పట్టుకుని లాగింది.

చూపు దక్కింది. వెలుగెక్కువైతే మీ అమ్మ ఎడమ కంట్లో నీళ్ళు కారడం మాత్రం ఉండిపోయింది. పుట్టుకతో వచ్చిందని ఆమె అనుకుంటుంది. మా అత్త బతికున్నన్నాళ్ళూ నా తప్పు బయటపెట్టలేదు, నేనూ నోరు విప్పలేదు. మీకు తెలుగు చదవడం రాదు కనుక ఇది మీ అమ్మే చదివి వినిపించాలి. ఇక్కడిదాకా వచ్చి ఆమె కాసేపు ఆగిపోతే, తొందరపెట్టకండి.

మొన్న పనుండి కుందలహళ్ళి పోతే మేము కట్టింది ఏదో పోల్చుకోలేకపోయాను, అటూ ఇటూ అన్నీ అద్దాలే. ఆఫీసు పిల్లలు టీ గ్లాసులతో బయట నిలబడి కబుర్లాడుకుంటున్నారు, కాళ్ళ కింద ఒక్కొక్కరికి రెండు మూడు నీడలు, ఎవరూ చూసుకోరు. మా రోజుల్లో ఎండకి ఒక దిక్కుండేది. బిడ్డని ఎత్తుకుని వీపు అటు తిప్పితే చాలు, కాపాడుకున్నట్టే. ఇప్పుడు ఆ వీధిలో బిడ్డని నా చేతిలో పెడితే, ఎటు తిరిగి నిలబడాలో నాకు తెలియదు.