నాన్న ఇంగ్లీషు తప్పులు

పోయిన ఆదివారం మా సంఘానికి చెన్నై నుంచి ఒక దైవజనులు వచ్చి ఇంగ్లీషులో ప్రసంగం చేశారు. ఆయన పక్కన ఎవరూ నిలబడలేదు. ఆయన నోట మాట వెలువడటమే తడవు, వెనక గోడకు కట్టిన తెల్లటి తెర మీద కంప్యూటరు తర్జుమా చేసిన హిందీ అక్షరాలు వరసగా పడుతూ పోయాయి, మేమంతా ఆయన ముఖం చూడటం మానేసి గోడను చదువుకుంటూ కూర్చున్నాం. ఇరవై ఏళ్ళకు పైగా బడిలో ఇంగ్లీషు వ్యాకరణం చెప్పిన అలవాటు కొద్దీ నేను తప్పు కోసం వెతికాను. గంటసేపు వెతికినా ఒక్కటీ దొరకలేదు. ఒక్కటన్నా దొరికితే బాగుండునని ఎందుకు అంతగా అనిపించిందో ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక గానీ తెలియలేదు.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో పరభాషవారు ప్రసంగానికి వస్తే వేదిక మీద ఇద్దరు నిలబడేవారు. ఒకరు ఒక ముక్క చెప్పి ఆగడం, రెండోవారు దాన్ని తెలుగులో తర్జుమా చేయడం, ఆయన చెయ్యెత్తితే ఈయనా చెయ్యెత్తడం, ఆయన గొంతు వణికితే ఈయన గొంతూ వణకడం. రాయ్‌పూర్ రైల్వే కాలనీ పక్కన రేకుల కప్పు కింద కూడుకునే మా తెలుగు సంఘంలో ఆ రెండో మనిషి మా నాన్న. పలాస పక్క పల్లె నుంచి వచ్చి వాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరుగా చేరినవారు, చదువు పదో తరగతి దాకా. గోల్‌బజార్‌లో అట్ట ఊడిపోయిన పాత గ్రామరు పుస్తకం ఒకటి కొని, డ్యూటీ నుంచి వచ్చి చేతుల గ్రీజు కడుక్కుని రోజూ ఒక పేజీ చదివేవారు. అందులో మొదటి ఇరవై పేజీలు లేవు. నాన్న ఇంగ్లీషులో ఆ ఇరవై పేజీలు చివరిదాకా లేవు.

భాషల సంగతి ఆయన తన పని మాటల్లోనే చెప్పేవారు. ఇంగ్లీషు వాక్యానికి ఇంజను ముందుంటుందట, ఎవరు ఏం చేశారో మొదట్లోనే తెలిసిపోతుంది, తక్కిన డబ్బాలన్నీ దాని వెనక వస్తాయి. మన తెలుగుకు ఇంజను వెనక తగిలిస్తారు, అన్ని డబ్బాలూ దాటిపోయేదాకా బండిని ఎవరు నెడుతున్నారో తెలియదు. తర్జుమా చేసేవాడు మధ్యలో నిలబడి వచ్చిన ఇంజనును ఒంటి చేత్తో పట్టుకుని ఆపాలి, డబ్బాలన్నీ పోయాక తగిలించాలి. ఊరి నుంచి వచ్చే చుట్టాల కోసం స్టేషనుకు వెళితే ప్రకటన హిందీలో పూర్తయ్యేలోగా నన్ను తెలుగులో చెప్పమనేవారు. హిందీ మాత్రం ఆయనకు ఎప్పుడూ లొంగలేదు. రైలు ఆడది, ట్రక్కు మగది అంటే షాపులో అందరి ముందూ తడబడి నవ్వులపాలయ్యేవారు. ఛత్తీస్‌గఢీ వాళ్ళ మాటల్లో ఆ బాధ లేదని వాళ్ళతోనే ఎక్కువగా స్నేహం చేశారు.

ఎవరైనా ప్రసంగానికి వస్తున్నారంటే శనివారమే వారిని ఇంటికి పిలిచి, చేపల పులుసుతో భోజనం పెట్టి, రేపు ఏం చెప్పబోతున్నారో ముక్కముక్కగా అడిగి తెలుసుకునేవారు. తెలియని మాట ఉంటే వేరే మాట చెప్పమని చేతులు జోడించి అడిగేవారే తప్ప, తెలిసినట్టు నటించేవారు కారు. ఆ తరువాత ప్రతి మాటకూ అర్థం నన్ను అడిగేవారు. నేను బడిలో పని చేసుకుంటూ ప్రైవేటుగా ఇంగ్లీషు ఎం.ఏ. కట్టిన రోజులవి. మా అమ్మకు ఇదంతా విసుగు. “శనివారం వొస్తే సాలు, ఈ ఇంట్లో దేవుడి కన్నా ముందు గ్రామరొచ్చి కుర్సీ ఏసుకుని కూకుంటాది” అనేది. నాన్న నవ్వుతూనే పేజీ తిప్పేవారు.

ఇంగ్లీషును తెలుగు చేసేటప్పుడు ఆయనకు ఎదురులేదు. చిక్కంతా సాక్ష్యాల సమయంలోనే వచ్చేది. మావాళ్ళు లేచి దేవుడు తమకు చేసిన మేలు తెలుగులో చెబుతుంటే, వచ్చిన అతిథికి తెలియడానికి నాన్న దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి. అక్కడ కాలాలు కలిసిపోయేవి, ఏకవచనాలు బహువచనాలయ్యేవి. ఇంగ్లీషు మీడియం పిల్లలు వెనక చాపల మీద ముఖాలు దాచుకుని నవ్వేవారు. వారి నవ్వు విన్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది, ఆ కోపమంతా పిల్లల మీద కాక నాన్న మీదికి పోయేది.

రెండువేల రెండో సంవత్సరమో మూడో సంవత్సరమో, మహాసభలు మా సంఘానికి వచ్చాయి. భిలాయ్, బిలాస్‌పూర్ సంఘాలవాళ్ళంతా వచ్చే మూడు రోజుల సభలవి, విదేశం నుంచి ప్రసంగికుడు వస్తున్నాడు. అంత పెద్ద వేదిక మీద తర్జుమాకు నిలబడటం నాన్న జీవితంలో అదే మొదలు. షాపులో ఆయనకు పేరూ లేదు, ప్రమోషనూ లేదు. ఈ భూమ్మీద ఆయనకంటూ ఉన్న చోటు ప్రసంగికుడి ఎడమ పక్కన ఆ రెండడుగులే. అందుకే ఎన్నడూ లేనిది తెల్లచొక్కా గుడ్డ కొని కుట్టించుకున్నారు, సభలకు రెండు నెలల ముందు నుంచే షాపుకు పోతూ వస్తూ ఇంగ్లీషు ముక్కలు గొణుక్కునేవారు.

సంఘపెద్ద ఒకాయన ఉండేవారు, టాటీబంధ్‌లో లారీల వ్యాపారం, పిల్లలమంతా ఆయన్ని పెదనాన్న అనేవాళ్ళం. ఒక ఆదివారం కూడిక అయ్యాక నన్ను పక్కకు పిలిచారు.

“ఏమ్మా, ఎమ్మే సదువుతన్నావు, మీ నాన్న ఇంగ్లీషు నీ సెవిలో పడతందా లేదా? బయటోళ్ళు నవ్వితే బేఇజ్జతి ఎవరికి, మనకే కదా. మూడు వారాలు కూకోని ఒక కాగితమ్మీద రాయి. నేనొక్కడినే ఆయనతో నెమ్మదిగా మాట్లాడతాను, బస్. మావూలు ఆదివారాలు నువ్వే నిలబడుదువు గాని.”

చివరి మాట నేను విననట్టు నటించాను గానీ ఆ రాత్రంతా అదే విన్నాను. నన్ను బలవంతం చేసినవారు లేరు. ప్రేమతో సరిదిద్దమని లేఖనం చెబుతోంది కదా అని నాకు నేనే చెప్పుకుని, బడి పిల్లల పేపర్లు దిద్దే ఎర్ర కలంతోనే, కాలాలు ఒక వరసగా, విభక్తులు ఒక వరసగా రాశాను. అంత శ్రద్ధగా నాన్న మాటలు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

మూడో ఆదివారం ఆరంగ్ నుంచి బస్సులో వచ్చే ఒక అత్త సాక్ష్యానికి లేచింది. భన్‌పురి కార్ఖానాలో పనిచేసే ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆ యేడే మిషను కింద పడి చనిపోయాడు. “నా బాబు పొద్దున్నే లేస్తాడు, టిఫిను డబ్బా ఏదమ్మా అంటాడు, సైకిలు తీస్తాడు, నేను గుమ్మంలో నిలబడి సూస్తాను” అని చెప్పుకుంటూ పోయింది. నాన్న దాన్ని ఇంగ్లీషులో కూడా అలాగే, పోయినవాడు ఇంకా లేస్తున్నట్టే, సైకిలు తీస్తున్నట్టే చెప్పారు. ఆ వారం వచ్చిన అతిథి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడట. నేను చూడలేదు. అప్పుడు నేను తల వంచుకుని పదకొండో తప్పు రాస్తున్నాను, భూతకాలం ఉండవలెను అని. నాన్న తెలిసి అలా చెప్పారా, తెలియక చెప్పారా అన్నది ఈనాటికీ నాకు తెలియదు. అడిగే అర్హత ఆ పూటే పోగొట్టుకున్నాను.

పెదనాన్న ఒంటరిగా మాట్లాడలేదు. ఆ పై ఆదివారం మధ్యాహ్నం పక్క గదిలో కమిటీ పెద్దలందరినీ కూర్చోబెట్టి, నాన్నను పిలిచి, నన్నూ పిలిచి, ప్రార్థన చేసి, కాగితం పైకి చదివారు. ఒక్కొక్క తప్పునూ నాన్న పలికే తీరులోనే సాగదీసి పలికారు. పక్కన ఆయన అల్లుడు, భిలాయ్‌లో ఇంగ్లీషు చదువు చదివినవాడు, ఇది ఎందుకు తప్పో, ఎలా ఉండాలో వివరిస్తూ పోయాడు. ఇద్దరు ముగ్గురు దగ్గు వచ్చినట్టు నవ్వు ఆపుకున్నారు. ఆరంగ్ అత్త కొడుకు దగ్గరికి వచ్చేసరికి, “సచ్చిపోయినోడు సైకిలెలా తొక్కుతాడు అన్నా” అని ఎవరో అంటే ఆపుకోవడం కూడా మానేశారు.

నాన్న చెయ్యి చాచి కాగితం అడిగారు. చదవలేదు, ఊరికే చూశారు. పలక మీద నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించిన మనిషికి నా రాత తెలియకుండా ఉంటుందా? మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. “ఇందులో ఉన్నయ్యన్నీ నిజమే. రాసినోళ్ళు సదువుకున్నోళ్ళు. ఇంకేటుంది సెప్పడానికి? సభలకి అల్లుడుగార్ని నిలబెట్టండి” అన్నారు.

పెదనాన్న వెంటనే స్తోత్రం అన్నారు. అందరూ అన్నారు. నేనూ అన్నాను.

ఇద్దరం కలిసే ఇంటికి నడిచాం. రైలు గేటు దాటాల్సిన ఆ పావుగంట దారిలో నాన్న నాతో అన్నది ఒక్కటే మాట. “గేటు పడతాది, బేగి నడు.”

మహాసభల్లో అల్లుడుగారు సూటు వేసుకుని తర్జుమా చేశారు. ఒక్క తప్పు లేదు. పుస్తకాల తెలుగులో ప్రవాహంలా చెప్పుకుపోతుంటే మా కాలనీ ముసలమ్మలు ఒకరినొకరు పొడుచుకుని, “ఏటంతన్నాడే?” “ఏటో బాగానే అంతన్నాడులే, స్తోత్రమను” అని సర్దుకున్నారు. నాన్న మగవాళ్ళ చాపల్లో చివరి వరసలో కూర్చుని మూడు రోజులూ శ్రద్ధగా విన్నారు, పాత చొక్కాతోనే. నాకు మాట ఇచ్చిన మామూలు ఆదివారాలు రెండే రెండు సాగాయి. స్త్రీ వేదిక ఎక్కవచ్చునా అని ఎవరో సందేహం లేవదీశారని, పెదనాన్న లేఖనం తెరిచి చూపించి నన్ను కూర్చోమన్నారు. తెలుగులో ఆడదానికీ, రైలుబండికీ, గొడ్డుకూ ఒకటే క్రియ, వచ్చింది, పోయింది. నేను వచ్చిందీ పోయిందీ ఎవరూ పట్టించుకోలేదు. నన్ను కూర్చోబెట్టడానికి లేఖనం తెరిచిన వేళ్ళే నాన్నను దింపడానికి నా కాగితం తెరిచాయని, నా దాకా వచ్చాక గానీ నాకు తెలివి రాలేదు.

నాన్న ఆ తరువాత ఎనిమిదేళ్ళు బతికారు. ఒక్క ఆదివారం మానలేదు, కానుక మానలేదు, మోకాళ్ళ మీద ప్రార్థన మానలేదు. ఒక మాటకు అర్థం అడగడం మాత్రం మానేశారు. శనివారాలు మా ఇల్లు అందరి ఇళ్ళలాగే ఉండేది, అమ్మ పాపం ఒకటి రెండుసార్లు గ్రామరు మాట తనే ఎత్తి చూసింది. నాన్న నా మీద కోప్పడి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. ఆయన కోప్పడలేదు. అమ్మా అనే పిలిచారు, అన్నం తిన్నావా అనే అడిగారు, అంతే.

ఆఖరున ఆసుపత్రిలో వారం రోజులు పక్కన కూర్చున్నాను, ఈసారి చెప్పేయాలని రోజూ అనుకుంటూ. నాలుగో రోజు నర్సు వచ్చి ఎక్కడ నొప్పి అని అడిగితే నాన్న హిందీలో నొప్పిని ఆడదాన్ని చేసి చెప్పారు. నా నోరు అలవాటుగా సరిచేసింది. నర్సు నవ్వింది. నాన్న “ఆఁ, అదే” అని గోడ వైపు తిరిగి పడుకున్నారు.

దేవుడు నన్ను క్షమించాడు. ఆ విషయంలో నాకు సందేహం లేదు, సందేహించడం అవిశ్వాసం అవుతుంది. ఇప్పుడు మా తెలుగు కూడిక హిందీ కూడికలో కలిసిపోయింది. మా పిల్లలు తెలుగు పాటలను హిందీ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు, అర్థం అడిగితే భుజాలు ఎగరేస్తారు. ఆరంగ్ అత్త లేదు, ఆమెలా లేచి తన గోడు చెప్పేవాళ్ళూ లేరు, సాక్ష్యాలు ముందే టైపు చేసి ఇమ్మంటున్నారు, తప్పులు దొర్లకుండా. పెదనాన్నను చక్రాల కుర్చీలో మొదటి వరసలో కూర్చోబెడతారు, ప్రతి ఆదివారం ఆయన దగ్గరకు పోయి వందనాలు చెబుతాను, ఆయన నా తల మీద చెయ్యి పెడతారు.

ఆ కాగితం రాసింది నేనే నాన్నా అని చెప్పడానికి నాకు ఎనిమిదేళ్ళ ఆదివారాలు దొరికాయి. ఇంగ్లీషులోనైనా, హిందీలోనైనా, తెలుగులోనైనా అది చాలా చిన్న వాక్యం. మా బడిలో ఆరో తరగతి పిల్లలు కూడా తప్పు లేకుండా రాయగలరు.