చెరువు మీద సముద్రపు పక్షి

డెబ్భైల్లో ఓ మధ్యాహ్నం హఫీజ్‌పేట్ స్టేషన్లో వికారాబాద్ బండి కోసం కూర్చున్నాను. స్టేషన్ పక్కనున్న చెరువు మీద నల్లటి పక్షి తిరుగుతోంది.

"గద్ద," అంది పక్కనే జొన్నరొట్టె మూట విప్పుతున్న అవ్వ.

గద్ద రెక్కలు వెడల్పుగా ఉంటాయి, తోక కొంచెమే చీలి ఉంటుంది. దీని రెక్కలు సన్నగా, కొడవలిలా వంగి ఉన్నాయి. తోక కత్తెరలా తెరుచుకుంది.

"కాదు అవ్వా, అది నడిసముద్రంలో తిరిగే పక్షి. పెద్ద తుఫాను తరిమితే తప్ప ఇంత దూరం రాదు. మా ఊరు సముద్రం ఒడ్డునే."

"ఇంట్ల ఎవరున్నరు బిడ్డా?"

"అమ్మ."

అవ్వ రొట్టె తుంచి ప్లాట్‌ఫారం అంచున పెట్టింది. "మీ దిక్కు నుంచి వచ్చింది. ఆకలైతది గద."

అది రొట్టె ముట్టదని నాకు తెలుసు. మిగిలిన రొట్టె ఆమె నా చేతిలో పెట్టింది.

"వికారాబాద్ యాడికి పోదు. తుఫాన్ల అమ్మ ఎట్లున్నదో, ముందుగాల ఇంటికి పో."