ఆయిల్ మూతలో మీగడ

ఆ చలికాలం ఉదయం పెడన స్టేషన్లో గుడివాడ రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న పెద్దమనిషి చేతిరుమాలు విప్పి, కారు ఇంజను ఆయిల్ మూత చూపించాడు. లోపలంతా తెల్లటి మీగడలాంటి జిడ్డు.

“మా తోడల్లుడు ఆయిల్లో నీళ్లు పోశాడండి. కొత్త కారు చూసి ఓర్వలేకపోయాడు.”

“కారు రోజూ తిప్పుతారా?”

“దిష్టి తగులుతుందని బయటికి తీయనండి. పొద్దున్నే వాకిట్లో స్టార్ట్ చేసి, కాసేపుంచి ఆపేస్తాను.”

“అందుకేనండి. చలికి ఇంజన్లో చెమ్మ పట్టి, ఆయిల్లో కలిసి ఇలా మీగడ కడుతుంది. బాగా వేడెక్కేదాకా నడిపితే ఆ చెమ్మ ఆరిపోతుంది.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“మా తోడల్లుడు మీకు ఎన్నాళ్ల నుంచి తెలుసు?”

నేను జవాబిచ్చేలోపే మూతని రుమాల్లో చుట్టుకుని అవతలి బెంచీకి వెళ్లిపోయాడు.

మొన్న మంచులో నా కారు మూత తీస్తే అదే మీగడ. ఎందుకొచ్చిందో నాకు తెలుసు. అయినా ఒకసారి ప్రహరీ మీదుగా పక్కింటివైపు చూశాను.