మీటరుకు పెట్టిన బొట్టు

అంకెల చక్రాలు తిరిగే గాజుపెట్టె ఎక్కడ కనిపించినా ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కరెంటు మీటరును చూసినా అంతే. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. వాళ్ళకు తెలియదు.

అరవైల చివర్లో నేను విజయనగరం వైపు ఒక గోనెసంచుల మిల్లులో సూపర్‌వైజరుగా పనిచేశాను. నాకు అప్పగించింది నారదారాన్ని కండెలుగా చుట్టే షెడ్డు. అందులో అందరూ ఆడవాళ్ళే. ఉన్న మడిచెక్క ఇంటికి చాలక చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు. ఒక్కో మిషను ముందు ఒక్కో మనిషి, ఆమె కాళ్ళ దగ్గర చుట్టిన కండెలు వేసుకునే బుట్ట. గోగునార దుమ్ము కనురెప్పల మీద కూడా పేరుకునేది.

ఆ షెడ్డులో మిల్లువాళ్ళు పెట్టని ఏర్పాటు ఒకటి ఉండేది. చంటిబిడ్డ తల్లి ఎవరైనా ఉంటే, ఇంటి దగ్గరనుంచి అత్తో అమ్మో బిడ్డను గేటు దగ్గరికి తెచ్చేది. వాచ్‌మన్ కేకవేసేవాడు. తల్లి పైట దులుపుకుని పరుగెత్తేది. ఆమె పాలిచ్చి వచ్చేదాకా అటుపక్క మనిషీ ఇటుపక్క మనిషీ చెరో చెయ్యి వేసి ఆమె మిషను నడిపేవారు. మిషను ఆగేది కాదు. దీన్ని వాళ్ళు పాలవంతు అనేవారు. రేపు తమ ఇంట్లో ఉయ్యాల కట్టినా ఆ వంతు తిరిగి వస్తుందని అందరికీ తెలుసు.

అలాంటి షెడ్డులోకి మీటర్లు వచ్చాయి. మిషనుకొకటి. ఇరుసు తిరిగినకొద్దీ గాజు వెనక అంకెలు మారతాయి. ఎవరు ఎంత పని చేసిందీ ఇక ఎవర్నీ అడగక్కర్లేదని మేనేజరు చెప్పాడు. నేను అదేదో నేనే కనిపెట్టినట్టు షెడ్డంతా తిరిగి వివరించాను.

మొదటి మిషను మీద పనిచేసేది ఒక చంటిబిడ్డ తల్లి. ఆమె పక్క మిషను ముసలమ్మ, షెడ్డంతా అప్ప అని పిలిచే మనిషి, గాజులోకి తొంగిచూసింది.

“ఏటి బాబూ ఇది, గడియారమేటి?”

“కాదప్పా. నువ్వెంత పని చేశావో అదే చెబుతుంది.”

“అదే సెప్పేస్తే ఇంక నువ్వేటి సేస్తావు బాబూ?”

వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఆ మాట గుచ్చుకుంది. నా పని కూడా పోతుందేమోనన్న భయంతో నేను ఆ పెట్టెకు మరింత భక్తుణ్ణయ్యాను.

ఆ నెలలోనే దసరా. ఆయుధపూజకు మిషన్లన్నీ కడిగి, పసుపు రాసి బొట్లు పెట్టడం మా మిల్లు ఆనవాయితీ. పళ్ళెం నా చేతికిచ్చారు. మొదటి మిషను దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళతోనే పసుపు కలిపి, మీటరుకు దట్టంగా పట్టించాను.

“సాల్లే బాబూ, పెళ్ళికూతురుక్కూడా ఇంత పసుపు రాయరు,” అంది ముసలమ్మ.

“కొత్తగా వచ్చింది కదా, రాయాలి,” అన్నాను. మిగతా మీటర్లకు ఒక్కో బొట్టుతో సరిపెట్టాను.

పూజ అయ్యాక మొదటి మిషను మీటరు వెనకబడసాగింది. కదిలేది, ఆగేది, మళ్ళీ కదిలేది. మేనేజరు వచ్చి ఆ తల్లి ముందు నిలబడ్డాడు.

“గేటు దగ్గరే కాపురం పెడుతున్నావా? పని ఏదీ?”

“బుట్ట సూడండి బాబూ. మా అప్ప బుట్ట కూడా సూడండి. నాదేటి తక్కువున్నాది?”

రెండు బుట్టలూ అంచుదాకా ఉన్నాయి. మేనేజరు కాలితో ఆమె బుట్టను కదిపి, “పక్కవాళ్ళు తమ కండెలు ఇందులో వేసి ఉంటారు,” అన్నాడు.

ఎంత మాట! సాయం చేసిన చేతులకు అంటగట్టిన దొంగపేరు అది. అప్పుడు రావలసిన కోపం నాకు అప్పుడు రాలేదు. “నువ్వేమంటావు?” అని ఆయన నన్నే అడిగాడు. ఆ మిషను రోజంతా తిరగడం నేను చూశాను. ఆమె గేటు దగ్గర ఉన్నప్పుడూ తిరగడం చూశాను.

“మీటరు అబద్ధం చెప్పదండి,” అన్నాను.

మర్నాటినుంచి షిఫ్టు మధ్యలో గేటు తియ్యకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆమె అత్త ఎప్పటిలాగే బిడ్డను తెచ్చింది. వాచ్‌మన్ కేకవెయ్యలేదు. మిషన్ల మోతలో ఏడుపు వినిపించదు గాని, వేళ ఆమెకు తెలుసు కదా. రవిక తడిసిపోయింది. ఆమె మిషను తన చేత్తోనే ఆపి నా ముందుకొచ్చి నిలబడింది.

“నా మిసిని నడిసిందో నేదో ఆ పెట్టెకేటి తెలుసు బాబూ? నువ్వు సూసినావు. నీ రెండు కళ్ళతో సూసినావు.”

నేను మీటరు వైపు చూశాను, ఆమె వైపు కాదు. ఆమె గేటు తీయించుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ పనిలోకి రాలేదు.

ఆమె స్థానంలో కొత్తమ్మాయి వచ్చింది. మీటరు అప్పుడూ వెనకబడింది. అప్పుడు ఫిట్టరును పిలిపించి మూత తీయించారు. లోపల చక్రాల పళ్ళ మధ్య పసుపు ఎండి గట్టిపడి ఉంది.

“దీనికి తలంటు పోసినోడెవడ్రా?” అని ఫిట్టరు నవ్వాడు.

నేనేనని మేనేజరు గదికి వెళ్ళి చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. “మూతకు మైనం పట్టించు, ఇక నీళ్ళు దిగవు,” అన్నాడు.

“ఆమెను మళ్ళీ పిలుద్దామా సార్?”

“ఆ మిషను మీద మనిషి ఉంది కదా.”

“పోనీ, గేటు?”

“గేటు మూశాక పని బాగా సాగుతోందయ్యా.”

పెట్టె తప్పు పెట్టె బాగుపడడంతో తీరిపోయింది. మనిషికి జరిగిన దాన్ని బాగుచేసే ఫిట్టరు ఆ మిల్లులో లేడు. అబద్ధమని తేలిన లెక్క మీద పెట్టిన ఉత్తర్వు మాత్రం నిక్షేపంగా నిలిచింది. ఇది న్యాయమేనా అని నేను అరవలేదు. ఇంటికెళ్ళి అన్నం తిని, మర్నాడు మళ్ళీ మీటర్లు చదివాను. ఆమె నరసన్నపేట దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయిందన్నారు. ఆ ఊరి బస్సు మా మిల్లు ముందునుంచే పోయేది. నేను ఎక్కలేదు.

మరుసటి దసరాకు మళ్ళీ పళ్ళెం నా చేతికే వచ్చింది. ముసలమ్మ మీటరు గాజు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

“దీనికొద్దు బాబూ. మిసినికెట్టు, బుట్టకెట్టు. అవి మాతో పన్జేస్తాయి. ఇది మా మీద కూకున్నాది.”

వరసలో ఒక్కొక్కరే చేతులు అడ్డం పెట్టారు. మొదటి మిషను దగ్గర కొత్తమ్మాయి ఉంది. పాలవంతు అనే మాట ఆమె విననే లేదు. అందరి వైపూ చూసి, ఆమె కూడా గాజు మీద చెయ్యి వేసింది. నేను వంగి, ఆమె బుట్టకు బొట్టు పెట్టాను.