పన్నెండో సీటు

ఇది మహాప్రయాణం కథ. ఇందులో కొండలున్నాయి, మేఘాలున్నాయి, పన్నెండు మంది కూడితే తప్ప కదలని బండి ఉంది, నలుగురి ముందు ఇచ్చిన మాట ఉంది, ఆ మాట ఎలాగైనా తప్పిపోతే బాగుణ్ణని చూసిన పెద్దమనిషి ఉన్నాడు. దీన్ని పద్దెనిమిది భాగాలుగా రాద్దామనుకున్నాను. తీరా కూర్చుని గుర్తు చేసుకుంటే తేలిందేమిటంటే, మేం ఆరుగురం సర్వీసు జీపులో అరకు వెళ్ళి, ఒక తోటలో పిల్లల రైలెక్కి, దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చేశాం. ఎవరికీ దెబ్బ కూడా తగల్లేదు. మా అమ్మ చెప్పు తెగింది, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నాకు పదేళ్ళు, చెల్లికి ఆరు. మాది హుకుంపేట వైపు, రోడ్డు దిగి గంట నడవాల్సిన ఊరు. ఊళ్ళో బడి ఉంది, మాస్టారూ ఉన్నారు, కానీ రెండూ ఒకే రోజు ఒకే చోట దొరకడం కష్టం. అందుకని ఆరేళ్ళు రాగానే పిల్లల్ని మండలంలో హాస్టల్‌కి పంపేసేవారు. అప్పటికే నేను నాలుగేళ్ళ సీనియర్ని. నన్ను పంపినప్పుడు పెద్ద గొడవేం జరగలేదు. ట్రంకుపెట్టె చేతికిచ్చారు, తల నిమిరారు, అంతలో మేక తప్పిపోయిందని తెలిసి అందరూ అటు పరిగెత్తారు.

చెల్లి సంగతి వేరు. అది నడక నేర్చినప్పటినుంచి తాత వెంటే. తాత కొండమీద పోడులో సామలు, చోళ్ళు, అంటే రాగులు, వేసేవాడు. గింజ పాలు పోసుకునే రోజుల్లో చిలకలు మందలుగా దిగేవి. మంచె మీద కూర్చుని తాత రేకుడబ్బా వాయిస్తే అవి పక్క సాలుకి మారేవి. చెల్లి ఒక్క కేక పెడితే పక్క ఊరికి పోయేవి. పొద్దున్నే ఇద్దరూ అంబలి పోసిన సొరకాయ బుర్ర పట్టుకుని కొండెక్కేవారు, చీకటి పడేముందు దిగేవారు. అంతసేపు ఏం మాట్లాడుకునేవారో ఇంట్లో ఎవరికీ తెలీదు. అడిగితే తాత "ఏటుంటది, చిలకల గురించే" అనేవాడు.

హాస్టల్ మాట ఎత్తగానే చెల్లి మంచంకోడు వాటేసుకునేది. అమ్మ బతిమాలింది, నాన్న కసిరాడు, నేను హాస్టల్లో ఆదివారం గుడ్డు పెడతారని నిజాయితీగా చెప్పాను. కోడు వదల్లేదు. చివరికి నాన్న తాతతో, "అయ్యా, అది నీ మాటే ఇంటది. నువ్వు సెప్పు" అన్నాడు.

తాత మంచం పక్కన కూర్చుని, "ఏటే, నిన్ను రైలెక్కిత్తాను. ఎక్కినాక ఎళ్తావా?" అన్నాడు.

చెల్లి ఆలోచించింది. దాని ఒకే ఒక పుస్తకంలో రకారం దగ్గర రైలు బొమ్మ ఉంది. ఆ పేజీ మిగతా పేజీల కంటే బాగా నలిగింది.

"ఎక్కినాక ఎళ్తాను" అంది. కోడు వదిలింది.

అందరూ తాత తెలివికి సంతోషించారు. అసలు తెలివి వేరే ఉందని నాకు తర్వాత అర్థమైంది. మా కొండకి రైలు లేదు. రైలు కోసం అరకు పోవాలి. నాన్నకి కాఫీ మొక్కల కింద తవ్వకం పని, అమ్మకి ఇల్లు, తాతకి మోకాళ్ళు. రైలు దొరకదు, గుంట, అంటే మా చెల్లి, బడికి వెళ్ళదు, మాటా తప్పినట్టు కాదు. ఇంత పకడ్బందీగా కట్టిన లెక్కని నాన్న ఒక్క ముక్కలో కూల్చేశాడు.

"అరకు తోటలో పిల్లల రైలుంది కదేటి. గురువారం పోదాం. అందరం పోదాం."

మా ఇంట్లో విహారయాత్ర అనే పని మొదటిసారి అలా జరిగింది.

జీపులో మాతోపాటు మరో పదహారు మంది, రెండు కోళ్ళు, ఒక పనసపండు. నానమ్మ అడ్డపొగ బిగించి, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, దారంతా పనసపండు మనిషితో వరస కలుపుతూ వచ్చింది. మా కొండల్లో ఎవరైనా ఎదురుపడితే ముందు ఊరడుగుతారు, తర్వాత ఎవరింటి బిడ్డవని అడుగుతారు, మూడో ప్రశ్నకి మామో, బావో, కోడలో అయి తీరతారు. నానమ్మకి మూడో ప్రశ్న తరచు అవసరం ఉండేది కాదు. దిగేసరికి పనసపండాయన ఆవిడకి తమ్ముడయ్యాడు. పండు మాత్రం ఇవ్వలేదు.

జూన్ నెల. సీజను అయిపోయింది, బళ్ళు ఇంకా తెరవలేదు, వాన వస్తానని బెదిరిస్తోంది. తోటలో మనుషుల కంటే సిమెంటు జంతువులు ఎక్కువున్నాయి. ఉయ్యాలలు, జారుడుబల్ల, చెట్లమీద కట్టిన గదులు, ప్రతి చెట్టుకీ పేరు రాసిన రేకు. గేటు దగ్గర టికెట్ తీస్తుంటే తాత నాన్న చెవిలో, "సెట్లు సూడ్డానికి టికెట్టేట్రా?" అన్నాడు. లోపల కాఫీ మొక్క దగ్గర ఆగిపోయాడు. దానికీ రేకుంది. తాత దాని చుట్టూ ఒకసారి తిరిగి, మొదట్లో వచ్చిన పిలకలు విరవడం మొదలెట్టాడు.

"మావా, ముట్టుకోకూడదంట" అంది అమ్మ.

"ముట్టుకోకపోబట్టే ఇలాగుంది" అన్నాడు తాత, ఇంకోటి విరుస్తూ.

రైలు కనబడింది. ముందు ఎర్ర ఇంజను, వెనక రేకు పైకప్పున్న చిన్న పెట్టెలు. చెల్లి పరిగెత్తి వెళ్ళి దాని చుట్టూ చూసింది. తాత నెమ్మదిగా పక్కన చేరి, "ఇది నిజం రైలు కాదే గుంటా. బొమ్మ" అన్నాడు.

చెల్లి కిందకి చూసింది. "పట్టాలున్నాయి." ముందుకి చూసింది. "కూతుందా?" అని డ్రైవర్ని అడిగింది. ఆయన కూత వేసి వినిపించాడు. "రైలే" అని తీర్పు చెప్పేసింది. కోర్టులు ఇంత బేగి తేల్చిన కేసు నేను చూడలేదు.

అప్పుడు డ్రైవరు, "పన్నెండు మంది లేందే తియ్యనమ్మా. ఖాళీ బండికి డీజిలు దండగ" అన్నాడు.

ఆ మాటకి తాత ముఖం తొలకరి పడ్డ చేనులా తెరిపిన పడింది. "పన్నెండా? మనం ఆరుగురం. ఇయ్యాల లేనట్టే" అని అక్కడున్న బెంచీ మీద హాయిగా కూర్చున్నాడు.

నేను పక్కన కూర్చుని, "తాతా, నీకు దాన్ని పంపడం ఇష్టం లేదు కదూ" అన్నాను.

"నీ సెల్లి మాట మీద నిలబడే గుంట. బండెక్కిందంటే సోమారం ఎలిపోద్ది." మోకాలు రుద్దుకుని, "ఈ ఏడు సామలకి కాపలా ఎవుల్రా?" అన్నాడు.

నేనుంటానని చెప్పాలనుకున్నాను. కానీ నేను కేకేస్తే చిలకలు ఆగి వింటాయని ఇద్దరికీ తెలుసు.

ఇంతలో విశాఖపట్నం నుంచి వచ్చిన కొత్త జంట ఒకటి కెమెరాతో వచ్చింది. వాళ్ళూ ఎక్కుతామన్నారు. ఎనిమిది. చెల్లి వేళ్ళు ముడుస్తోంది. తాత లేచి ఆ పెళ్ళికొడుకు దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, ఎక్కుతారేటి?"

"అవునండీ."

"ఎక్కండి, ఎక్కండి. కొత్తగా పెళ్ళయినోళ్ళు. మీదే దయిర్యం."

అంతే అన్నాడు. పట్టాల గురించి గానీ బ్రేకుల గురించి గానీ ఒక్క అబద్ధం ఆడలేదు. ఆ అమ్మాయి అబ్బాయి చెయ్యి పట్టుకుని, ముందు గులాబీలు చూద్దామని తీసుకుపోయింది. మళ్ళీ ఆరు. తాత మళ్ళీ బెంచీ. నాన్న ఆయనకేసి చూసిన చూపు కన్నకొడుకు చూడదగింది కాదు.

చెల్లి ఏడవలేదు. పెట్టె మెట్టు మీద కూర్చుని, పన్నెండు మంది ఎప్పుడొస్తారని డ్రైవర్ని అడిగింది. ఆయన ఆదివారం వస్తారన్నాడు.

నానమ్మ చుట్ట తీసి, నిప్పు చూసి, మళ్ళీ నోట్లో పెట్టుకుని, పూలమడుల వైపు నడిచింది. అక్కడ నలుగురు ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. చీర మోకాళ్ళ దాకా కట్టి, ముక్కుకి రెండు వైపులా పుడకలు. నానమ్మ ఒంగి ఒక మొక్క పీకి, ఇది కలుపు కాదేమోనని అడిగింది. మాట కలపడానికి ఇంతకంటే మంచి దారి నేను ఇప్పటికీ చూడలేదు. మేం దూరంనుంచి చూస్తున్నాం. ఊరడిగింది. ఎవరింటి బిడ్డవని అడిగింది. ఒకావిడ కొడవలి కింద పెట్టేసింది. నానమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. తేలిందేమిటంటే, ఆవిడ నానమ్మ పుట్టింటి ఊళ్ళో, నానమ్మ చిన్నాన్న కూతురి తోడికోడలు చెల్లెలు. అంటే నానమ్మకి దాదాపు కన్నకూతురు. మిగతా ముగ్గురూ ఆవిడ మనుషులు కాబట్టి వాళ్ళూ మావాళ్ళే.

ఎలాగూ కూడు వేళయింది. అందరం ఆకులు పరుచుకుని కూర్చున్నాం. మా అన్నం, ఉడకబెట్టిన గుడ్లు, వాళ్ళ చోడంబలి, కందిపచ్చడి. అన్నం మధ్యలో నానమ్మ అసలు సంగతి ఎత్తింది.

"రోజూ ఇక్కడే ఉంటారు కదా, ఆ బండెప్పుడైనా ఎక్కినారేటి?"

"మాకెందుకు పిన్నీ, మేం పనోళ్ళం" అంది వరస కలిసినావిడ.

"పనోళ్ళు కూకుంటే బండి ఒరిగిపోద్దేటి? నా మనవరాలు బండెక్కితే గానీ బడికెళ్ళనంది. మీరెక్కితేనే బండి కదుల్తది."

పిన్ని అడిగాక కాదనడం మా వైపు కుదరదు. వాళ్ళు చేతులు కడుక్కుని, ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ వచ్చి ఎక్కారు. డ్రైవరు బుర్ర గోక్కుని, "కూటి వేళే కదా, ఎక్కండి" అన్నాడు. ఇక్కడ జనం చూసి, ఏదో విశేషం జరుగుతోందని కొత్త జంట గులాబీలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. డ్రైవరు నానమ్మని చూసి, "మామ్మా, బండిలో పొగ తాగకూడదు" అన్నాడు.

"పొగెక్కడుందిరా నాయినా?" అంది నానమ్మ నోరు మూసుకునే. నిప్పు లోపలుంది. ఆయన చుట్టూ వెతికి, కనబడక, ఊరుకున్నాడు.

పన్నెండు. చెల్లి రెండుసార్లు లెక్కపెట్టింది. డ్రైవరు ఇంజనులో కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడు తాత దిగిపోయాడు.

"నాకు కళ్ళు తిరుగుతాయిరా. మీరెళ్ళండి."

"పదకొండు" అన్నాడు డ్రైవరు, తాళంచెవి వెనక్కి తిప్పి.

బండిలో ఉన్న పదకొండు మందీ బెంచీ వైపు చూశారు. నాన్న పళ్ళు బిగించి, "అయ్యా" అన్నాడు. నానమ్మ చుట్ట తీసింది, అంటే తిట్టబోతోందని. ఈలోగా చెల్లి దిగి తాత దగ్గరికెళ్ళింది. ఇప్పుడు పది.

"బయమేసిందా తాతా?"

తాత తలూపాడు. ఏ భయమో చెప్పలేదు.

"నేను పక్కన కూకుంటాను. నీ సెయ్యి గట్టిగా పట్టుకుంటాను. పడిపోవు. కిటికీ పక్కన నువ్వే కూకో."

కిటికీ పక్క సీటు కోసం అది పొద్దున్నుంచి నాతో యుద్ధం చేసిన గుంట.

ఆ మాటకి తాత గుండె కరిగి లేచాడని రాయాలని నాకు చాలా ఉంది. కానీ అప్పుడే వాన కూడా మొదలైంది. బెంచీకి పైకప్పు లేదు, బండికుంది. ఏది ఎంత పనిచేసిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తాత లేచి, కిటికీ పక్కన కూర్చున్నాడు. చెల్లి రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుంది.

కూత వేసి బండి కదిలింది. నడిచే మనిషి దాన్ని దాటిపోగలడు, ఒక కుక్క దాటిపోయింది కూడా. వాన సన్నగా పడుతోంది, మబ్బు దిగి కొండలు సగం వరకే ఉన్నాయి. చెట్లమీది గదులు, సిమెంటు జింక, తాత పిలకలు విరిచిన కాఫీ మొక్క వెనక్కి వెళ్ళాయి. కలుపు తీసే ఆవిడ ఒకతె తమ మడుల పక్కనుంచి పోతుంటే మెడ చాచి చూసి, "మనం తీసిందే. కూకుని సూత్తే బాగానే ఉందే" అంది. ఇంకొకావిడ, "అదిగో, ఆ మూల వదిలేసినావు" అంది. తాత బయటికి చూడలేదు. దారంతా చెల్లి చేతుల కేసే చూశాడు. చిలకల గురించి కూడా మాట్లాడుకోలేదు.

బండి తోట చుట్టి ఎక్కడ బయల్దేరిందో అక్కడే ఆగింది. నానమ్మ చుట్ట సగం కూడా కాలలేదు.

"అయిపోయిందా?" అంది చెల్లి.

"అయిపోయింది" అన్నాడు డ్రైవరు.

చెల్లి వంగి పట్టాలకేసి ఒకసారి చూసింది. తర్వాత తాత చెయ్యి వదిలి, "సోమారం పొద్దున్న ఎళ్దామా, మజ్జాన్నం ఎళ్దామా?" అని అడిగింది.

"పొద్దున్నే" అన్నాడు తాత. గొంతు సవరించుకున్నాడు. అడ్డపొగ వాసన పడలేదన్నాడు. నలభై ఏళ్ళుగా ఆ వాసన పక్కనే పడుకుంటున్నాడు.

సోమవారం పొద్దున్న ట్రంకుపెట్టె తాతే నెత్తిన పెట్టుకున్నాడు. నాన్న మోస్తానంటే ఇవ్వలేదు. కొండ దిగి రోడ్డు దాకా గంట, జీపు, మళ్ళీ హాస్టల్ గేటు దాకా నడక. చెల్లి ఏడవలేదు, వెనక్కి చూడలేదు. కొత్త రిబ్బన్లు వాన తడికి రంగు దిగుతున్నాయి. గేటు దగ్గర తాత పెట్టె దించి, చెల్లి ముందు కింద కూర్చుని, దాని జడ సరిచేశాడు. నాన్న పక్కకి తిరిగాడు. నాకూ ఎందుకో చెప్పు బెల్టు చూసుకోవాలనిపించింది.

గేటుకి తాళం. తాళం పక్కన తీగతో కట్టిన అట్టముక్క. నేను చదివి వినిపించాను. బోరు మోటారు కాలిపోయింది, నీళ్ళు లేవు, కొత్తది వచ్చేవరకు పిల్లల్ని తీసుకురావద్దు.

తాత ఎన్ని ఎత్తులేసినా ఆగని ప్రయాణాన్ని ఆపింది, కాలిపోయిన ఒక మూడు హార్స్‌పవర్ మోటారు.