పైపులోంచి వచ్చిన చల్లగాలి

నారాయణఖేడ్ సబ్ డివిజన్‌కు అసిస్టెంట్ ఇంజనీర్‌గా నన్ను వేసింది తాగునీటి పెద్ద లైన్లు కొత్తగా పడుతున్న రోజుల్లో, ఒక ఎండాకాలం మొదట్లో. మోకాళ్ళు మొరాయించి గడువుకు ముందే పదవీ విరమణ తీసుకున్నాను గానీ, ఆ ఎండాకాలం మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మాది గ్రావిటీ లైను. మోటారుతో పని లేదు. కంగ్టి వైపు గుట్ట మీది ట్యాంకు నుంచి వాలు పట్టుకుని నీళ్ళు వాటంతటవే ఊళ్ళకు దిగుతాయి. ఇది రోమన్లు ఎప్పుడో చేసి చూపించిన పని. పొడవాటి బల్ల మీద గాడి చెక్కి, అందులో నీళ్ళు పోసి, ఆ మట్టం చూసి వాలు కట్టేవాళ్ళు. కొన్నిచోట్ల మైలు నడిచినా మోకాలి ఎత్తు దిగితే ఎక్కువే. కాలువ చాలావరకు భూమి లోపలే పోయేది. బొమ్మల్లో మనం చూసే కమానులు లోయ అడ్డం వచ్చిన చోటే. అక్కడక్కడా బావుల్లాంటి దారులు వదిలి, వాటిలోంచి కూలీలు దిగి గోడలకు పట్టిన సున్నపు పెచ్చులు గీకేవారు. నీళ్ళు రేయింబవళ్ళు పారి ఫౌంటెన్లకు, స్నానశాలలకు పోయేవి. మిగిలినవి మురికి కాలువలను కడిగేవి.

ఇంతవరకు నిజం. ఆ రోజు పొద్దున మా ఫిట్టర్ నర్సింలుకు ఇదంతా చెప్పి, చివర నా సొంత సరుకు కలిపాను. ఒక కూలీ లోపల పెచ్చులు గీకుతుంటే పైనోడు తలుపెత్తిండనీ, నీళ్ళు వాణ్ణి కొట్టుకుపోయి నేరుగా రాజుగారి స్నానాల తొట్లో పడేసినయనీ, రాజు కోపం చెయ్యకుండా సబ్బు చేతికిచ్చిండనీ. నర్సింలు కడుపు పట్టుకుని నవ్వాడు. నా గప్పాలు ఆ సెక్షనంతా ఎరిగినవే.

పైపులోకి మనిషి దిగాలంటే ఒక పద్ధతి ఉంది. పైన వాల్వు బంద్ చేసి, చక్రానికి ఎర్రగుడ్డ కట్టాలి. పల్లంలో ఉన్న స్కౌర్ వాల్వు తెరిచి మిగిలిన నీళ్ళు వదిలేయాలి. మ్యాన్‌హోల్ దగ్గర ఒకరు సుత్తె పెట్టుకుని నిలబడాలి. పైపు మీద మూడు దెబ్బలు పడితే లోపలివాడు ఎక్కడి పని అక్కడ వదిలి బయటికి రావాలి.

ఆ రోజు ఒక జాయింటు దగ్గర లోపలి సిమెంటు పూత ఊడింది. నర్సింలు చక్రాల చెక్క మీద బోర్లా పడుకుని, ఎగువ వైపు పాక్కుంటూ పోయాడు. రెండు భుజాలూ గోడకు రాసుకునేంత పైపు అది. పై వాల్వు పూర్తిగా మూసుకోక సన్నటి ధార కారుతూనే ఉంది. కాంట్రాక్టరు సూపర్‌వైజరు సత్యం, కృష్ణా జిల్లా మనిషి, గుట్ట అవతల వాల్వు తిప్పే మా లైన్‌మన్ శరణప్పకు ఫోన్ చేసి ఇంకా బిగించమని చెప్పాడు. ధార ఆగేదాకా లైన్లోనే ఉండి, "చాలు, చాలు" అని పెట్టేశాడు.

కాసేపటికి మ్యాన్‌హోల్ అంచున ఆరేసిన నా చేతిరుమాలు లేచి పక్కన పడింది.

"సార్, ఏం పుణ్యం చేసుకున్ననో, లోపట సల్లగ గాలి కొడ్తుంది," అన్నాడు నర్సింలు.

మూసిన పైపులో గాలి ఊరికే పుట్టదు. వెనక నుంచి నీళ్ళు తోస్తేనే వస్తుంది. అప్పుడు సత్యం అన్న మాట నా చెవిలో మళ్ళీ పలికింది. వాళ్ళ వైపు చాలు అంటే ఇక ఆపమని. శరణప్ప కన్నడం ఇంట్లో మాట్లాడే మనిషి. ఆ భాషలో చాలూ అంటే మొదలుపెట్టమని. మేమూ చాలూ చేసిండు అనే అంటాం. పని అయిపోయింది, నీళ్ళు ఇడువమంటున్నరు అనుకుని ఎర్రగుడ్డ విప్పి ఉంటాడు.

సత్యం ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అవతల మోగుతూనే ఉంది. చక్రం పూర్తిగా తెరిచేటప్పుడు శరణప్ప చొక్కా విప్పి తుమ్మకొమ్మకు తగిలిస్తాడు. ఫోన్ ఆ జేబులోనే, నీళ్ళ హోరులో వినబడదు.

తల లోపలికి పెట్టి అరిచాను. "నర్సింలూ, నీళ్ళొస్తున్నయ్. ఇడ్సిపెట్టి రా."

లోపల నవ్వు గుయ్యిమంది. "రాజు సబ్బు గూడ తెచ్చిండా సార్?"

"నిజం చెప్తున్న."

"పొద్దున గూడ గట్లనే అంటివి."

దూరంగా ఎండుటాకులు ఈడ్చినట్టు ఒక చప్పుడు మొదలైంది. గాలిలో తడి తుప్పు వాసన. ఇంకెంత అరిచినా నా గొంతును వాడు నమ్మడు. అప్పుడు కింద పడున్న సుత్తె కాలికి తగిలింది. ఎత్తి పైపు మీద మూడు కొట్టాను.

నవ్వు ఆగిపోయింది. ఎందుకని అడగలేదు. వెనక్కి దొర్లుతున్న చక్రాల చప్పుడొకటే. ముందు వాడి పాదాలు కనబడ్డాయి, వాటితో పాటే నీళ్ళు. నేనూ సత్యం చెరో కాలు పట్టి లాగాం. భుజాలు అంచుకు పట్టేశాయి. చర్మం గీరుకుపోయినా ఆగకుండా గుంజాం. వాడు బయట పడేసరికి చక్రాల చెక్క ఒక్కటే కింది వంపు దాకా కొట్టుకుంటూ పోయింది. ఆ మోత చాలాసేపు వింటూ కూర్చున్నాం.

విచారణలో శరణప్ప ఒకటే మాట, మీరన్నట్టే మొదలుపెట్టానని. "మీరే చాలూ అంద్రల్ల సార్, చాలూ మాడిదె." ఆపమంటే తిప్పావేంటయ్యా అని సత్యం. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. అప్పటినుంచి మా లైన్లో ఫోన్ మీద చాలు అన్న మాట నిషేధం. బంద్, ఇడువు, ఈ రెండే.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తెలిసింది ఇది. నోటి మాటకు ఊరు మారితే అర్థం మారుతుంది, చెప్పేవాణ్ణి బట్టి విలువ మారుతుంది. సుత్తె దెబ్బకు ఆ రెండు తిప్పలూ లేవు. అందుకని ఆ తర్వాత మనిషిని లోపలికి దింపేముందు సుత్తె చేతిలోకి తీసుకునేవాణ్ణి. గప్పాలు వాడు బయటికొచ్చాకే.